డయోడ్ రింగ్ మాడ్యులేటర్‌లో క్యారియర్ తగ్గించినకొద్దీ డిస్టార్షన్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంట్లో నేనే కట్టుకుంటున్న అనలాగ్ సింథసైజర్‌లో రింగ్ మాడ్యులేటర్ (రెండు సిగ్నళ్లను గుణించి, వాటి పౌనఃపున్యాల మొత్తాన్నీ తేడానూ ధ్వనిగా ఇచ్చే సర్క్యూట్) చేర్చాలని నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాను. సర్క్యూట్ పాతకాలపు పద్ధతిదే. 600 ఓమ్‌లకు 600 ఓమ్‌ల చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, వాటి మధ్య వలయంగా నాలుగు 1ఎన్4148 డయోడ్లు ఉన్నాయి. మాడ్యులేట్ కావలసిన ధ్వని టీఎల్072 ఆప్ ఆంప్ (ఆంప్లిఫైయర్ ఐసీ) నుంచి మొదటి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి వెళుతుంది. రెండవ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి అడ్డంగా 620 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, అక్కడి నుంచి ఔట్‌పుట్ తీసుకుంటున్నాను. క్యారియర్, అంటే ధ్వనిని గుణించే రెండో తరంగం, నా ఆసిలేటర్ నుంచి బయలుదేరి, లెవెల్ నాబ్‌గా పెట్టిన 100 కిలో ఓమ్‌ల ఆడియో టేపర్ పొటెన్షియోమీటర్ మీదుగా రెండు సెంటర్ ట్యాప్‌ల (వైండింగ్ సరిగ్గా మధ్య నుంచి బయటికి తీసిన తీగల) మధ్యకు చేరుతుంది. ఆసిలేటర్ సున్నాకు అటూ ఇటూ 5 వోల్టుల సైన్ తరంగం ఇస్తుంది. దాని ఔట్‌పుట్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో ఉంది. ధ్వని వైపు పీక్ సుమారు 2 వోల్టులు.

నాబ్ పూర్తిగా తెరిచినప్పుడు గంట మోగినట్టుండే రింగ్ మాడ్యులేటర్ ధ్వని వస్తోంది, కానీ కొంత గరగర కూడా ఉంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది, నేను ఏ స్వరమూ వాయించనప్పుడు కూడా క్యారియర్ సన్నటి ఈలలా వినిపిస్తూనే ఉండటం. ఆసిలోస్కోప్‌లో ఆ లీకేజీ 60 మిల్లీవోల్టులు చూపిస్తోంది. దాన్ని తగ్గించాలని నాబ్‌ను సగానికి తిప్పితే ఈల తగ్గుతోంది గానీ గరగర రెట్టింపవుతోంది. పైగా మెల్లగా కరిగిపోవలసిన స్వరం చివర్లో ఎవరో కుళాయి కట్టేసినట్టు ఒక్కసారిగా పడిపోతోంది.

ఇంకో రెండు విషయాలు నాకు అర్థం కావడం లేదు. సెంటర్ ట్యాప్‌ల మధ్య క్యారియర్‌ను చూస్తే 5 వోల్టుల సైన్ తరంగం కాస్తా తల నరికినట్టు 0.7 వోల్టుల దగ్గర చదునుగా ఉంది. అలాగే 440 హెర్ట్జ్ ధ్వనికి 500 హెర్ట్జ్ క్యారియర్ ఇచ్చి కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్ చూస్తే, చదివిన చోటల్లా చెప్పిన 60, 940 హెర్ట్జ్‌లతో పాటు 380, 500, 820, 1060, 1820, 1940 దగ్గర కూడా గీతలు లేస్తున్నాయి. డయోడ్లు మార్చాను, ఆప్ ఆంప్ మార్చాను, సోల్డరింగ్ మొత్తం మళ్లీ చేశాను. మార్పేమీ లేదు. వీటిలో సర్క్యూట్ సహజ గుణం ఏది, నేను చేసిన తప్పు ఏది అన్నది దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ వివరణలోనే జవాబు ఉంది: తప్పు ఆ 100 కిలో ఓమ్‌ల నాబ్‌ది. చాలామంది క్యారియర్‌ను వినే ధ్వనుల్లో ఒకటిగా భావించి, మిక్సర్‌లో లెవెల్ తగ్గించినట్టు తగ్గిస్తారు. డయోడ్ రింగ్‌లో క్యారియర్ పని వేరు. అది ఒక సగం చక్రంలో ఒక జత డయోడ్లను తెరుస్తుంది, మరో సగంలో రెండో జతను తెరుస్తుంది. అప్పుడు మీ ధ్వని ఒకసారి ఉన్నది ఉన్నట్టు, మరోసారి తలకిందులై అవతలి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. తలుపు తెరిచే చేతికి బలం తగ్గిస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి దూరి వచ్చే ధ్వని గీసుకుపోవడమే మీరు వింటున్న గరగర.

ఆడియో టేపర్ పొటెన్షియోమీటర్ సగం తిరిగిన చోట సగం వోల్టేజి ఇవ్వదు, సాధారణంగా పదిహేను శాతం లోపే ఇస్తుంది. అంటే మీ 5 వోల్టుల క్యారియర్ 0.5 నుంచి 0.75 వోల్టులకు పడిపోతుంది. 1ఎన్4148 సరిగ్గా వాహకంగా మారడానికే 0.6 వోల్టులు కావాలి. దానికి తోడు వైపర్ (నాబ్‌తో కదిలే కొస) దగ్గర నుంచి చూస్తే దాదాపు 10 కిలో ఓమ్‌ల నిరోధం సిరీస్‌లో కూర్చుంటుంది. ఆ దారిలో డయోడ్లకు చేరే కరెంటు పది మైక్రో ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. ఇంత తక్కువ కరెంటులో ఒక్కో డయోడ్ కొన్ని కిలో ఓమ్‌ల రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి, మీ 620 ఓమ్‌ల లోడ్ దగ్గరకు చిన్న సిగ్నల్ దాదాపుగా చేరదు. స్వరం గట్టిగా ఉన్నంతసేపు అదే తన బలంతో డయోడ్లను తోసుకుని తెరుస్తుంది. తగ్గగానే ఆ బలం పోతుంది. చివరి భాగం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం ఇదే.

నాబ్ పూర్తిగా తెరిచినా మిగిలే గరగరకు కూడా లెక్క ఉంది. 5 వోల్టుల నుంచి డయోడ్ తీసుకునే 0.65 పోగా, 1 కిలో ఓమ్ గుండా 4.35 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. తెరుచుకున్న రెండు డయోడ్లు దాన్ని పంచుకుంటే ఒక్కోదానికి సుమారు 2.2 మిల్లీ ఆంపియర్లు. మీ ధ్వని కరెంటు ఒక డయోడ్‌లో దీనికి కలుస్తుంది, రెండోదానిలో దీని నుంచి తీసివేయబడుతుంది. ధ్వని కరెంటు 2.2ను దాటిన క్షణంలో రెండో డయోడ్ మూసుకుపోతుంది, అంటే క్లిప్పింగ్ (తరంగం కొస తెగిపోవడం) మొదలవుతుంది. 2 వోల్టుల పీక్‌ను 600 ఓమ్‌ల పైచిలుకు లోడ్ మీదికి పంపితే రెండున్నర నుంచి మూడు మిల్లీ ఆంపియర్లు అవుతుంది. క్యారియర్ శిఖరం మీద ఉన్నప్పుడే హద్దు దాటుతున్నారు. అది సున్నా వైపు దిగుతున్నప్పుడు సంగతి చెప్పనవసరం లేదు.

చదును తల గురించి కంగారు పడకండి. తెరుచుకున్న డయోడ్లు తమ కొసల మధ్య వోల్టేజిని 0.7 దాటనివ్వవు కాబట్టి అక్కడ సైన్ తరంగం కనిపించకపోవడమే సరి. అక్కడ కొలవవలసింది వోల్టేజి కాదు, కరెంటు. సిరీస్ రెసిస్టర్ రెండు కొసలకూ ఆసిలోస్కోప్ రెండు ప్రోబులు పెట్టి, ఒక ఛానెల్ నుంచి మరొకటి తీసివేసి చూడండి. గ్రౌండ్ క్లిప్పును మాత్రం ఆ రెసిస్టర్‌కు తగిలించకండి, క్యారియర్ నేరుగా షార్ట్ అవుతుంది. ఆ తేడాను ఓమ్‌లతో భాగిస్తే కరెంటు తెలుస్తుంది.

కాబట్టి నేనైతే ఇలా మారుస్తాను. క్యారియర్ దారిలోంచి నాబ్ తీసేస్తాను. ఆసిలేటర్ తరువాత ఎన్ఈ5532 ఆప్ ఆంప్‌తో ఒక బఫర్ (వోల్టేజి మార్చకుండా ఎక్కువ కరెంటు ఇచ్చే దశ) పెట్టి, దాని ఔట్‌పుట్ నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా సెంటర్ ట్యాప్‌కు వెళతాను. అప్పుడు 9 మిల్లీ ఆంపియర్లకు పైగా వస్తుంది. టీఎల్072 ఈ పనికి తగదు, అది 2 కిలో ఓమ్‌లు, అంతకు మించిన లోడ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన భాగం. ఎన్ఈ5532 600 ఓమ్‌లను నడపగలదు. ధ్వని వైపు పీక్‌ను 0.5 వోల్టులకు తగ్గించి, పోయిన లెవెల్‌ను రింగ్ దాటిన తరువాత ఒక ఆంప్లిఫైయర్ దశతో తిరిగి తెచ్చుకుంటాను. లెవెల్ నాబ్ కావాలనుకుంటే అది ఉండవలసిన చోటు ధ్వని వైపే.

క్యారియర్ పెద్దదిగా ఉండాలనడానికి మరో కారణం కూడా చెబుతాను. సైన్ తరంగం సున్నాను దాటే ప్రతిసారీ ఏ జత డయోడ్లూ తెరుచుకోని చిన్న సందు ఒకటి ఉంటుంది. క్యారియర్ పీక్ 1 వోల్టు అయితే, 0.6 వోల్టుల డయోడ్‌తో ఆ సందు మొత్తం కాలంలో 41 శాతం ఆక్రమిస్తుంది. పీక్ 5 వోల్టులైతే 8 శాతం లోపుకు తగ్గుతుంది. 0.3 వోల్టుల దగ్గరే తెరుచుకునే బీఏటీ85 వంటి షాట్కీ డయోడ్లు వేస్తే 4 శాతం లోపే. పాత సర్క్యూట్లలో జెర్మేనియం డయోడ్లు కనిపించేది కూడా ఇందుకే.

రెండవ సమాధానం

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, స్పెక్ట్రమ్‌లో కనిపించిన గీతల గురించి నేను రాస్తాను. మీరు 440, 500 ఎంచుకోవడం మంచిదైంది, ఎందుకంటే ఈ రెండింటితో ప్రతి రకం లోపమూ వేరే వేరే చోట గీత పెడుతుంది, ఒకదాని మీద ఒకటి పడదు.

60, 940 మీకు కావలసిన తేడా, మొత్తం. 1060, 1940 అనేవి క్యారియర్‌కు మూడు రెట్లైన 1500 నుంచి 440ను తీసివేసి, కూడితే వచ్చేవి. ఇవి లోపం కాదు. డయోడ్లు స్విచ్‌లా పనిచేస్తున్నప్పుడు, మీరు సైన్ తరంగమే ఇచ్చినా, ధ్వని గుణింపబడేది దాదాపు స్క్వేర్ వేవ్‌తో. స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ (అసలు పౌనఃపున్యానికి మూడు రెట్లైన భాగం) మొదటిదానిలో మూడో వంతు, ఐదోది ఐదో వంతు ఉంటుంది. అందువల్ల 1060, 1940 గీతలు ప్రధాన గీతల కంటే తొమ్మిదిన్నర డెసిబెల్ కిందా, 2060, 2940 దగ్గర వచ్చేవి 14 డెసిబెల్ కిందా ఉంటాయి. పై సమాధానంలో చెప్పినట్టు క్యారియర్‌ను పెంచితే ఇవి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు ఏదో చెడిపోయిందని మళ్లీ వెనక్కి వెళ్లకండి. ఈ సర్క్యూట్‌ను మొదట వాడిన టెలిఫోన్ క్యారియర్ వ్యవస్థల్లో అక్కరలేని ఈ గీతలను తరువాతి ఫిల్టర్ ఆపేసేది. మన దగ్గర ఆ ఫిల్టర్ లేదు, ఉండనవసరం కూడా లేదు. డయోడ్ రింగ్‌కు ఆ లోహపు మెరుపు వచ్చేది వీటివల్లనే.

820, 1820 సంగతి వేరు. 440కి మూడు రెట్లు 1320. దానికి 500 కలిపినా తీసివేసినా వచ్చేవి ఇవే. అంటే రింగ్‌కు చేరేలోపో, రింగ్‌లోనో మీ ధ్వని తానే డిస్టార్ట్ అవుతోంది. రెండు వైపులా సమానంగా క్లిప్ అయ్యే ధ్వనికి ఇది ఆనవాలు, పైన వేసిన కరెంటు లెక్కకు సరిగ్గా సరిపోతుంది. 380 మాత్రం రెండో హార్మోనిక్ అయిన 880 నుంచి వచ్చింది, ధ్వని పై సగానికీ కింది సగానికీ పోలిక కుదరలేదని దాని అర్థం. 500 క్యారియర్ లీకేజీ. ఇప్పుడు లేవు గానీ, ముందుముందు 440 నేరుగా కనిపించి, దానితో పాటు 560, 1440 కూడా కనిపిస్తే, క్యారియర్ రెండు సగాల కాలం సమానంగా లేదని గుర్తించండి.

ఈ గీతలను నమ్మే ముందు ఒక జాగ్రత్త అవసరం. ట్రయాంగిల్ తరంగాన్ని గుండ్రం చేసి సైన్ తయారుచేసే ఆసిలేటర్లలో కొంత మూడో హార్మోనిక్ మిగిలే ఉంటుంది. అది రింగ్‌లోకి వెళితే 820 దగ్గర గీత పెడుతుంది, నింద డయోడ్ల మీద పడుతుంది. అందుచేత ముందు ఆ 440ని ఒక్కదాన్నే స్పెక్ట్రమ్‌లో చూసి, 1320 ఎంత ఉందో రాసిపెట్టుకోండి. సింథసైజర్ లెవెల్‌ను నేరుగా కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఇచ్చినా కార్డే క్లిప్ అయి ఇలాంటి గీతలే పుట్టిస్తుంది. 10 కిలో ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లతో పదకొండో వంతుకు తగ్గించి ఇవ్వండి.

ఇక లీకేజీ. దాన్ని తగ్గించవలసింది క్యారియర్‌ను తగ్గించి కాదు, సమతూకం కుదిర్చి. రింగ్ నాలుగు చేతుల త్రాసు లాంటిది, ఒక డయోడ్ మిగతావాటి కంటే కాస్త ముందు తెరుచుకున్నా క్యారియర్ ఔట్‌పుట్‌లోకి జారుతుంది. ఇరవై ముప్పై డయోడ్లు తీసుకుని, ఒక్కోదాని గుండా 1 మిల్లీ ఆంపియర్ పంపి, కొసల మధ్య వోల్టేజిని మిల్లీవోల్టు దాకా చూపే మీటర్‌తో కొలవండి. కొలిచేటప్పుడు డయోడ్‌ను వేళ్లతో పట్టుకోవద్దు. సిలికాన్ డయోడ్ వోల్టేజి ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు, తీగలను వంచుతూ పట్టుకున్న డయోడ్ 612 చూపించి, నేను చూస్తుండగానే మెల్లగా 619కి, ఆపై 624కి ఎక్కింది. నా వేలి వేడి దిగుతున్నంతసేపూ అంకె కదులుతూనే ఉంది. అప్పటికి కొలిచిన పన్నెండింటినీ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. క్లిప్పులో పెట్టి, ఒక నిమిషం ఆగి, అంకె నిలిచాక రాసుకోండి. 2 మిల్లీవోల్టుల తేడాలో నాలుగు దొరికితే చాలు. సోల్డరింగ్ చేసిన వెంటనే లీకేజీ కొలిచినా ఇదే మోసం జరుగుతుంది, బోర్డు చల్లారనివ్వాలి.

ఒక్కో డయోడ్‌కు సిరీస్‌లో 47 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే వాటి మధ్య మిగిలిన చిన్న తేడాలు మరుగునపడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ రెండు ముక్కలుగా విడివిడి తీగలతో బయటికి వచ్చినదైతే, ఆ రెండు ముక్కల మధ్య 100 ఓమ్‌ల మల్టీటర్న్ ట్రిమ్మర్ (స్క్రూతో తిప్పే చిన్న పొటెన్షియోమీటర్) పెట్టి, దాని వైపర్‌కు క్యారియర్ ఇవ్వండి. ధ్వని ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి, ఈల కనిష్ఠమయ్యే దాకా తిప్పండి. 500 హెర్ట్జ్ దగ్గర బాగా అణగి, 5 కిలోహెర్ట్జ్ దగ్గర మళ్లీ పైకి లేస్తే అది తీగల మధ్య, వైండింగుల మధ్య కెపాసిటెన్స్ గుండా వస్తున్న లీకేజీ. ట్రిమ్మర్‌కు లొంగదు, క్యారియర్ తీగలను ఔట్‌పుట్ తీగల నుంచి దూరంగా జరపాలి.

ఇంత రాసి, అందరికంటే ముందు అడగవలసింది మరిచాను. నాలుగు డయోడ్లూ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు ఒకే దిశలో వలయం తిరుగుతున్నాయి కదా? వాటిని బ్రిడ్జ్ రెక్టిఫయర్‌లా పెట్టేయడం చాలా మామూలు పొరపాటు. మీకు 60, 940 వస్తున్నాయి కాబట్టి సరిగ్గానే పెట్టి ఉంటారు, అయినా ఒక్కసారి చూడండి.

మూడవ సమాధానం

380 గీత గురించి నాదొక అనుమానం. టీఎల్072 నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి మధ్యలో కెపాసిటర్ ఉన్నట్టు మీరు రాయలేదు. ఆ ఆప్ ఆంప్ ఇన్‌పుట్ ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేనప్పుడూ ఉండే చిన్న డీసీ వోల్టేజి తేడా) సాధారణంగా 3 మిల్లీవోల్టులు ఉంటుంది, మీ దశ గెయిన్ 10 అనుకుంటే ఔట్‌పుట్‌లో 30 మిల్లీవోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ డీసీ నిరోధం 60 ఓమ్‌లైతే అర మిల్లీ ఆంపియర్ డీసీ ఎడతెగకుండా పారుతూ కోర్‌ను ఒక పక్కకు అయస్కాంతీకరిస్తుంది. అప్పుడు ధ్వని ఒక సగం చక్రంలో కోర్ ముందే నిండిపోతుంది (సాచురేట్ అవుతుంది), రెండో సగంలో కాదు. రెండో హార్మోనిక్ పుట్టేది అక్కడే. ప్రైమరీకి సిరీస్‌లో 100 మైక్రోఫారడ్‌ల నాన్‌పోలార్ కెపాసిటర్ పెడితే ఆ డీసీ ఆగిపోతుంది. 600 ఓమ్‌లతో దాని హద్దు 3 హెర్ట్జ్ లోపే కాబట్టి వినే ధ్వనికి నష్టం లేదు.

కింది స్వరాల్లో గరగర ఎక్కువగా ఉందేమో కూడా చూడండి. కోర్‌లో ఫ్లక్స్ వోల్టేజిని బట్టి పెరుగుతుంది, పౌనఃపున్యాన్ని బట్టి తగ్గుతుంది. అదే 1 వోల్టు 1 కిలోహెర్ట్జ్ దగ్గర కలిగించే ఫ్లక్స్‌కు 50 హెర్ట్జ్ దగ్గర ఇరవై రెట్లు కలిగిస్తుంది. చిన్న 600 ఓమ్‌ల ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు టెలిఫోన్ మాట కోసం, అంటే 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల కోసం చేసినవి. సింథసైజర్ బాస్ స్వరం వాటికి మోయలేని బరువు. సెకండరీ మీద ప్రోబ్ పెట్టి, లెవెల్ మార్చకుండా 1 కిలోహెర్ట్జ్ నుంచి కిందికి దిగుతూ రండి. తరంగం ప్రతి సగం చక్రం చివరి భాగంలో కుంగిపోవడం మొదలైన చోటే మీ ట్రాన్స్‌ఫార్మర్ హద్దు.

మీరు వెతుకుతున్నది కూడిక, తీసివేత రెండే ఉండే శుభ్రమైన ధ్వని అయితే, డయోడ్ల దగ్గర అది దొరకదు. ఏడీ633 అనే గుణకం ఐసీ వాడాలి. అది రెండు ఇన్‌పుట్‌లను గుణించి 10 వోల్టులతో భాగించి ఇస్తుంది. రెండు వైపులా 5 వోల్టుల పీక్ ఇస్తే ఔట్‌పుట్ పీక్ 2.5 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు, ప్లస్, మైనస్ 12 వోల్టుల సరఫరా సరిపోతుంది. దానిలోనూ ఆఫ్‌సెట్ ఉంటుంది. ధ్వని ఇన్‌పుట్‌లో 5 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే, 5 వోల్టుల క్యారియర్‌తో రెండున్నర మిల్లీవోల్టుల లీకేజీ వస్తుంది, అంటే ప్రధాన ధ్వనికి 60 డెసిబెల్ కింద. వాడని రెండో ఇన్‌పుట్ పిన్‌కు ట్రిమ్మర్‌తో చిన్న వోల్టేజి ఇచ్చి దాన్ని కూడా అణచవచ్చు. నా సింథసైజర్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మనిషి గొంతుకు ఐసీని, డ్రమ్ముల ధ్వనికి డయోడ్లను వాడుతుంటాను. మీరు ఇంత శ్రమపడిన రింగ్‌ను తీసేయమని మాత్రం చెప్పను.

ప్రశ్న వేసినవారి స్పందన

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. గత మూడు రోజులూ మీరు చెప్పిన వరుసలోనే పనిచేశాను.

డయోడ్లు వలయంగానే ఉన్నాయి. నాబ్‌ను క్యారియర్ దారిలోంచి తీసేసి, ఎన్ఈ5532 బఫర్, 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. రెండు ప్రోబులతో తేడా చూస్తే రెసిస్టర్ మీద పీక్ 4.3 వోల్టులు వచ్చింది, అంటే 9 మిల్లీ ఆంపియర్లకు పైనే. ధ్వనిని 0.5 వోల్టులకు తగ్గించి వాయించగానే, స్వరం చివరి దాకా, గాలిలో కలిసిపోయే దాకా వినిపించింది. నెల రోజుల తరువాత మొదటిసారి ఆ చివరి భాగం విన్నాను. ఒకే స్వరాన్ని పదిసార్లు వాయించి ఉంటాను. 820, 1820 గీతలు దాదాపు నేల మట్టానికి దిగిపోయాయి, మిగిలినది నా ఆసిలేటర్ సైన్ తరంగంలోనే ఉన్న మూడో హార్మోనిక్ అని విడిగా కొలిచి నిర్ధారించుకున్నాను. ప్రైమరీకి కెపాసిటర్ పెట్టాక 380 పోయింది. టీఎల్072 ఔట్‌పుట్‌లో డీసీ 40 మిల్లీవోల్టులు ఉంది.

ముప్పై డయోడ్లు కొలిచి, 2 మిల్లీవోల్టుల తేడాలో నాలుగింటిని ఏరుకుని వేశాను. వేలి వేడి సంగతి ముందే చదవబట్టి సరిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సెంటర్ ట్యాప్ ఒక్క తీగే ఉంది కాబట్టి ట్రిమ్మర్ పెట్టలేకపోయాను, 47 ఓమ్‌ల రెసిస్టర్లు మాత్రం పెట్టాను. లీకేజీ 60 నుంచి 4 మిల్లీవోల్టులకు వచ్చింది. ఔట్‌పుట్ అర వోల్టుతో పోలిస్తే 40 డెసిబెల్‌కు పైగా కింద ఉన్నట్టే.

అయితే ఒక కొత్త సమస్య కనిపిస్తోంది. రెండవ సమాధానంలో ముందే హెచ్చరించినట్టు 440 దగ్గర నేరుగా ఒక గీత, దానికి తోడు 560, 1440 గీతలు వచ్చాయి. ప్రధాన గీతలకు 30 డెసిబెల్ కింద ఉన్నాయి. ఇవి ఇంతకుముందు గరగరలో కలిసిపోయి నాకు కనిపించలేదేమో.

రెండవ సమాధానం రాసినవారి జవాబు

మీ వివరాలు చదివి చాలా సంతోషం కలిగింది. ఈ మూడూ కలిసి కనిపించాయంటే, ఒక జత డయోడ్లు రెండో జత కంటే కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటున్నాయి. తలకిందులు కాని ధ్వనికీ, అయిన ధ్వనికీ సరిగ్గా చెల్లుబాటు కాక, మిగిలిన భాగం 440గా బయటపడుతోంది. డయోడ్లను జత చేసి వేశారు కాబట్టి ఇప్పుడు చూడవలసింది క్యారియర్‌నే. ఆసిలేటర్ ఔట్‌పుట్‌లో డీసీ ఎంత ఉందో మీటర్‌తో కొలవండి. 5 వోల్టుల సైన్ తరంగం 120 మిల్లీవోల్టులు పక్కకు జరిగితే చాలు, సున్నా దాటే చోటు ఒక డిగ్రీకి పైగా జరిగి 440 గీత సుమారు 32 డెసిబెల్ కింద నిలుస్తుంది. మీ కొలతకు ఇది దగ్గరగా ఉంది. బఫర్ ఇన్‌పుట్‌కు ముందు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, దాని వెనుక గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి చూడండి. ఎప్పుడైనా స్క్వేర్ వేవ్‌ను క్యారియర్‌గా వాడితే దాని పల్స్ వెడల్పు కూడా సరిగ్గా 50 శాతం ఉండాలి, లేకపోతే కెపాసిటర్ ఉన్నా ఇవే గీతలు తిరిగి వస్తాయి.

ప్రశ్న వేసినవారి స్పందన

ఆసిలేటర్‌లో డీసీ 140 మిల్లీవోల్టులు ఉంది. కెపాసిటర్, రెసిస్టర్ పెట్టాక 440, 560, 1440 మూడూ స్పెక్ట్రమ్‌లోని నాయిస్‌లో కలిసిపోయాయి. 1060, 1940 యథాతథంగా ఉన్నాయి, ఉండనిస్తాను. ఆ మెరుపు నాకు నచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ హద్దు కూడా వెతికాను. అర వోల్టు దగ్గర 90 హెర్ట్జ్ వరకు తరంగం నిలబడుతోంది, ఆ కింద ప్రతి సగం చక్రం చివర కుంగుతోంది. ప్రస్తుతానికి ధ్వని ఇన్‌పుట్‌లో 100 హెర్ట్జ్ కింద కోసే హైపాస్ ఫిల్టర్ పెట్టి వాడుతున్నాను. పెద్ద కోర్ ఉన్న, వైండింగ్ ముక్కలు విడిగా బయటికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్లు దొరికిన రోజున ట్రిమ్మర్‌తో సహా మళ్లీ కట్టి, లీకేజీ ఎంతకు దిగిందో ఇక్కడే రాస్తాను.